సోంబారి గొంతు ఉన్న డిస్కు

చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు, శాస్త్రం విప్పేవారూ కాదు. తనకు తెలిసిన ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. విజయనగరంలో ఆయన ఇంటి ముందుగదిలో ఆదివారం పొద్దున వేదాంత పాఠానికి చేరే పదిమందిలో నేనూ ఒకణ్ణి.

ఒక ఆదివారం భూషణంగారు అడిగారు: “గురువుగారూ, భయం పట్టుకున్నప్పుడు మనిషి ఏదో ఒకటి చెయ్యాలా, ఊరికే కూర్చోవాలా? కూర్చుంటే అది పిరికితనం కాదా?”

భూషణంగారి కాలేయానికి ఏదో జబ్బు చేసిందని, రెండు నెలల్లో ముగ్గురు డాక్టర్లను మార్చారని, ఎవరి మందూ వారం దాటి వాడలేదని మాలో కొందరికి తెలుసు. గురువుగారికి తెలుసో లేదో నాకు తెలియదు. ఆయన వంతల సుభద్ర సంగతి చెప్పారు.

సుభద్ర ఒకప్పుడు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆయన విద్యార్థిని. అరకు అవతల కొండల్లో, తన సొంత ఊరి బడిలోనే టీచరు. పదకొండేళ్లపాటు సెలవు దొరికినప్పుడల్లా ఊరి ముసలమ్మల పక్కన కూర్చుని, వాళ్లు తమ కొండభాషలో పాడిందీ చెప్పిందీ రికార్డు చేసింది. అదంతా అరచేతిలో పట్టే ఒక్క హార్డ్ డిస్కులో ఉండేది. ఇంకో కాపీ తీసి పెట్టాలని ఏటా అనుకునేది, ఏడాది గడిచిపోయేది. ఆ ముసలమ్మల్లో ఇప్పుడు ఒక్కరూ బతికి లేరు.

వాళ్లలో కిల్లో సోంబారి అనే ఆవిడ, తాతల నాటి నుంచి ఊరివాళ్లు సాగుచేసుకుంటున్న పోడు భూమి ఏ గెడ్డ, అంటే ఏ కొండవాగు, దగ్గర మొదలై ఏ బండ దగ్గర ఆగుతుందో వరసగా చెప్పి పోయింది. ఆ భూమి హక్కు మీద విచారణ బుధవారం నాడు పెట్టారు. కాగితాలు లేని ఊరికి ఆ ముసలావిడ మాటే సాక్ష్యం. నలభై ఆరు కుటుంబాలు ఆ మాట మీదే ధైర్యంగా ఉన్నాయి.

సోమవారం సుభద్ర బడికి సెలవు పెట్టి, ఆ ముక్క విడిగా తీద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంది. కొత్త సిస్టమ్ వచ్చింది, అప్‌గ్రేడ్ చేసుకోమని అది వారం నుంచి అడుగుతోంది. ఆ పూట సరే అంది. గంట తర్వాత కంప్యూటర్ మళ్లీ తెరుచుకుంది. డిస్కు తగిలించింది. ఎప్పుడూ తెర మీద కనిపించే డిస్కు బొమ్మ రాలేదు.

పది నిమిషాలు చూసింది. వైరు తీసి మళ్లీ పెట్టింది. పక్క పోర్టులో పెట్టింది. ఎదురింటి నుంచి ఇంకో వైరు తెచ్చి పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. ప్రతిసారీ డిస్కు మీద చిన్న దీపం వెలిగి ఆరుతూ ఉండేది, బొమ్మ మాత్రం వచ్చేది కాదు. మొదట్లో పది నిమిషాలు ఆగినావిడ, పోను పోను నిమిషం కూడా ఆగలేకపోయింది.

అంతలో సోంబారి కొడుకు దొన్ను గుమ్మంలోకి వచ్చాడు.

“సుభద్రా, మా అమ్మ మాట తీసేవా?”

“తీస్తన్నాను మావా” అంది, తెర ఆయనకు కనపడకుండా తిప్పి.

ఆయన తృప్తిగా వెళ్లిపోయాడు. ఆవిడ మళ్లీ వైరు పీకింది.

ఇంకోసారి వైరు పెట్టినప్పుడు తెర మీద ఒక మాట వచ్చింది: ఈ డిస్కును చదవడం వీలుకాలేదు, మొత్తం చెరిపి కొత్తగా సిద్ధం చెయ్యాలా? కింద ‘సరే’ అని ఉంది. ఏదో ఒక దారి దొరికిందనుకుని ఆవిడ వేలు దాని మీదికి వెళ్లింది. ‘చెరిపి’ అన్న మాట కంటపడి, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఆ తర్వాత చాలా రోజులు నా వేలంటే నాకే భయం వేసింది మాస్టారూ” అని గురువుగారితో చెప్పిందట.

కంప్యూటరూ డిస్కూ తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని పాడేరు బస్సెక్కింది. అక్కడ నూకరాజు అని కంప్యూటర్లు బాగుచేసే అతను ఉన్నాడు. అతను డిస్కు తగిలించి చూస్తూ ఉండగానే ఆవిడ చెయ్యి మళ్లీ వైరు మీదికి పోయింది.

“టీచరమ్మగారూ, చెయ్యి తీసెయ్యండి. ఎన్నిసార్లు పీకేరు దీన్ని?”

“ఇరవైసార్లు ఉంటుంది.”

అతను డిస్కుల జాబితా తెరిచి చూపించాడు. దాని పేరు అక్కడ ఉంది, వెలిసిపోయిన అక్షరాల్లో.

“డిస్కు పోలేదమ్మా. కొత్త సిస్టమ్ దీన్ని లోపలికి రానిచ్చే ముందు, తప్పులేమైనా ఉన్నాయేమోనని మొత్తం చదివి చూస్తంది. అది అయ్యేదాకా బొమ్మ రాదు. పెద్ద డిస్కు, పైగా పాతది, గంటలు పడతాది. ఆ ముక్క అది పైకి చెప్పదు. మీరు పీకిన ప్రతిసారీ మళ్లీ మొదటికొచ్చింది. మధ్యలో పీకితే దానికీ అయోమయమే, అందుకే చెరపమని అడిగింది.”

“బాగవుతుందా?”

“తెలీదమ్మా. చెయ్యి పెట్టకూడదని మాత్రం తెలుసు.”

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆవిడ స్టూలు మీద కూర్చుంది. పొద్దుటి నుంచి పడ్డ హైరానా అంతా ఒక ఎత్తు, ఈ కూర్చోవడం ఒక ఎత్తు అయింది. వైరు మారుస్తున్నంతసేపూ కనీసం ఏదో చేస్తున్నానన్న తోడు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఊళ్లోవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. మూడు దాటాక, నూకరాజు బయట ఎవరితోనో మాట్లాడుతుండగా, డిస్కు మీద దీపం ఆరిపోయింది. ఆవిడ గబుక్కున లేచింది. వైరు చేతికి తగిలింది కూడా. మళ్లీ కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద తన బరువంతా వేసింది. ఎంతసేపటికో దీపం మళ్లీ వెలిగింది.

ఐదున్నరకు బొమ్మ వచ్చింది. నూకరాజు సోంబారి ఫైలు నొక్కాడు. ముందు ముసలి దగ్గు వినిపించింది, తర్వాత మొదటి గెడ్డ పేరు. అతనికి ఆ భాష రాదు. అయినా చేతిలో పని ఆపి, అయిపోయేదాకా నిలబడి విన్నాడు.

ఆ తర్వాత రెండు కాపీలు తీశాడు. తీస్తుంటే తెలిసింది, సోంబారి చెల్లెలు పాడిన నాలుగు జోలపాటల ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గానీ వాటిలో చప్పుడు లేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు.

“ఇది అప్‌గ్రేడ్ వల్లా, నా వల్లా?” అని అడిగింది సుభద్ర.

“నేను చెప్పలేనమ్మా” అన్నాడు నూకరాజు.

బుధవారం విచారణలో సోంబారి మాట అందరూ విన్నారు. అధికారి దాన్ని సాక్ష్యంగా రాయించుకున్నాడు. భూమి ఊరికి దక్కింది. దొన్ను సుభద్ర చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ నాలుగు పాటలు తెలిసినవాళ్లు ఊళ్లో మరెవరూ లేరు.

గురువుగారు చెప్పడం ఆపారు. భూషణంగారు అడిగారు:

“ఒకవేళ ఆ డిస్కు నిజంగానే చచ్చిపోయి ఉంటే? అంతసేపూ అలా కూర్చున్నది వృథాయే కదండీ?”

“చచ్చిపోయినదాన్ని పీకినా ఒకటే, పీకకపోయినా ఒకటే” అన్నారు గురువుగారు. “ఆవిడ ఇరవైసార్లు పీకింది బతికున్నదాన్ని.”