దొరగారి పొడుగు మాట

వికారి నామ సంవత్సరం, రోహిణి ఎండలు. చింతలగడ్డ అనే చిన్న రాజ్యంలో, కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని నీడన కూర్చున్న రోజుల్లో జరిగిందీ సంగతి.

రాజు జగన్నాయక బహద్దూర్. రాజ్యం చిన్నదే గాని మర్యాదలు పెద్దవి. వాటిలో అన్నిటికంటే పెద్దది ఆవలింత మర్యాద. రాజుగారు ఆవలిస్తే సభలో ఉన్నవాళ్ళంతా చేతిలో పని వదిలి రెండు చేతులా చిటికెలు వెయ్యాలి. ఆయన నోరు మూసేదాకా ఎవరూ పెదవి కదపరాదు. ఇంకెవరైనా ఆయన ఎదుట ఆవలిస్తే మాత్రం ఆ పూటతో కొలువు ఊడినట్టే.

సింహాసనం పక్కన నిలబడి రాజుగారికి తాంబూలం అందించేవాడు పైడయ్య. తాతనాటి నుంచి ఆ వెండి పళ్ళెం పట్టే హక్కు వాళ్ళింటిదే. ఏ ముక్కా మనసులో దాచుకోలేకపోవడం అతని జబ్బు.

ఆ వేసవిలో కలెక్టరు దొర వచ్చి మూడు రోజులు విడిది చేసి వెళ్ళాడు. వెళ్ళి ఉత్తరం రాశాడు. అందులో దండోరా వేసే సింహాద్రి పేరూ, దాని పక్కన ‘షెనానిగన్స్’ అనే మాటా ఉన్నాయి.

రాజుగారికి ఇంగ్లీషులో వచ్చినవి మూడు మాటలు. వాటిలో ఇది లేదు. ఆస్థాన పండితుడు వామనశాస్త్రిని పిలిపించాడు. శాస్త్రి తన లావుపాటి నిఘంటువంతా తిరగేశాడు. ఆ మాట దొరకలేదు. దొరకలేదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

“మహారాజా! ఇంగ్లీషువాడు చిన్న తప్పుకి చిన్న మాట, పెద్ద తప్పుకి పెద్ద మాట వాడతాడు. ఇంత పొడుగు మాటంటే రాజద్రోహమే!”

సింహాద్రి చేసిందల్లా ఒక్కటే. దొర టోపీ ఎత్తుకెళ్ళి వంగతోటలో దిష్టిబొమ్మ నెత్తిన పెట్టాడు. శాస్త్రి దూరం నుంచి చూసి, దొరే అనుకుని, దిష్టిబొమ్మకు వంగి వంగి దండాలు పెట్టి పావుగంటసేపు ఇంగ్లీషులో స్వాగతపత్రం చదివాడు. కంచె వెనక దొర, దొర పక్కన పైడయ్య.

పైడయ్య ఊరుకోలేకపోయాడు. “మహాప్రభూ! ఆవేళ దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. అలా నవ్వినవాడు ద్రోహమని రాస్తాడా?”

“తమలపాకులు తుడుచుకునేవాడివి, నీకేం తెలుసోయ్ ఇంగ్లీషు?” అన్నాడు శాస్త్రి.

“ఆ మాటకి అర్థం చెప్పగలవుట్రా పైడీ?” అన్నాడు రాజు.

“నోటితో చెప్పలేను ప్రభూ.”

“అయితే నోరు మూసుకో. రేపు భోజనాలయ్యాక శాస్త్రిగారు నిండు సభలో అర్థం చెబుతారు. పొద్దుగూకేలోగా సింహాద్రి ఇంటిల్లిపాదీ పొలిమేర దాటాలి.”

కోట గుమ్మం దగ్గర సింహాద్రి పైడయ్య కాళ్ళకు అడ్డం పడ్డాడు. “పైడన్నా, టోపీ తిరిగిచ్చేశాను కదా! మంచంపట్టిన అమ్మని ఎత్తుకుని ఈ ఎండలో ఏ ఊరు పోను?”

“మూట అప్పుడే కట్టకు” అన్నాడు పైడయ్య.

మర్నాడు సభ నిండింది. రాజుగారు పులిహోర, పనసకాయ కూర, గడ్డపెరుగు దట్టంగా పట్టించి వచ్చి కూర్చున్నాడు. శాస్త్రి నిఘంటువు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, “షెనానిగన్స్ అనగా...” అని మొదలుపెట్టాడు.

పైడయ్య సభకి కనబడకుండా పళ్ళెం అడ్డం పెట్టుకుని, రాజుగారివైపు తిరిగి, దవడలు పటపటలాడేలా ఆవలించాడు.

అది ఓరకంట పడగానే, ఎవరిదో గమనించకుండానే, రాజుగారికీ వచ్చింది. నోరు గుహలా తెరిచాడు. సభంతా చిటికెలు. శాస్త్రి కూడా వెయ్యాలి కదా! చేతులు వదిలాడు. నిఘంటువు వెళ్ళి ఆయన కాలి బొటనవేలి మీద పడింది. అరవడానికి లేదు, రాజుగారి నోరు ఇంకా తెరిచే ఉంది. శాస్త్రి ఒంటికాలి మీద ఎగురుతూ చిటికెలు వేశాడు. పైడయ్య పళ్ళెం చంకన పెట్టి అందరికంటే గట్టిగా వేశాడు.

“షెనానిగన్స్ అనగా...”

మళ్ళీ పైడయ్య. మళ్ళీ రాజు. మళ్ళీ చిటికెలు, మళ్ళీ బొటనవేలు. ఆరోసారికి సభ నవ్వాపుకోలేక కండువాలు నోట్లో కుక్కుకుంది. రాజుగారు దవడ పట్టుకుని పక్కకి చూసేసరికి పైడయ్య నోరు తెరిచే ఉంది.

“ఒరే పైడీ! కావాలనే చేస్తున్నావుట్రా?”

“చిత్తం, ప్రభూ.”

పైడయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “ఎవరి సొమ్మూ పోలేదు. శాస్త్రిగారి బొటనవేలు తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. దీన్ని రాజద్రోహమంటారా, తమరే సెలవియ్యండి.”

రాజు కళ్ళెర్రజేశాడు. శాస్త్రివైపు చూశాడు. ఆయన ఇంకా ఒంటికాలి మీదే ఉన్నాడు. రాజుగారి బొజ్జ ముందు కదిలింది, తరువాత మీసం కదిలింది, ఆపైన ఆపడం ఆయన వల్ల కాలేదు.

“రాజద్రోహమేమిట్రా వెధవా, వట్టి ఆకతాయితనం!”

“అదే ప్రభూ, దొరగారు రాసిన మాట!”

రాజుగారు కళ్ళు తుడుచుకుని సింహాద్రి ఊరు వదలక్కర్లేదన్నాడు. తన చేతి కడియం తీసి పైడయ్యకి తొడిగాడు. “శాస్త్రిగారూ, ఇక షెనానిగన్స్ చాలించి కూర్చోండి” అన్నాడు. అలా ఆయనకి నాలుగో మాట వచ్చింది.

తరువాత పైడయ్యని అడిగాడు: “నా ఎదుట ఎన్నిసార్లు ఆవలించావురా?”

“ఆరు, ప్రభూ.”

“మర్యాద తెలుసు కదా?”

“తెలిసే ఆవలించాను.”

ఆ సాయంత్రమే పైడయ్య వెండి పళ్ళెం కోటలో అప్పగించాడు. ఆ తరువాత అతనుగాని, అతని ఇంటివాళ్ళుగాని ఆ కొలువులో అడుగు పెట్టలేదు.