ఓబులమ్మ కళ్ళ మీద నందివర్ధనాలు

నల్లమల అంచున ఉన్న ఒక చిన్న మఠంలో సదానందయ్య ఆకులతో, పూలతో వైద్యం చేసేవాడు. ఆయన దగ్గర ఆరేళ్ళుగా చదువుకుంటున్న పశుపతికి ఒక్క సంగతి మింగుడు పడలేదు.

ఓబులమ్మ అనే ముసలామెకు రెండు కళ్ళూ పోయి చాలాకాలమైంది. అయినా రోజూ పొద్దున్నే కర్ర ఊతంతో మైలు దూరం నడిచి వచ్చేది. గురువు ఆమెను అరుగు మీద పడుకోబెట్టి, మంచుకు తడిసిన నందివర్ధనాలు మూసిన రెప్పల మీద పరిచేవాడు. కాసేపటికి తీసేసి, రేపు రమ్మనేవాడు.

ఆ పువ్వు గుణాలు పశుపతికి కంఠతా వచ్చు. పూలు కళ్ళమంటకు, వేరు పంటినొప్పికి. శివపూజకు శ్రేష్ఠం. చూపు పోయిన కంటికి మాత్రం మందు కాదు. ఆ మాటే గురువును అడిగాడు. ఆయన పూలబుట్ట అతని చేతికిచ్చి, రేపు నువ్వే పెట్టమన్నాడు.

మర్నాడు పశుపతి పూలు పెట్టలేదు. కషాయం కోసం వచ్చిన నలుగురూ వింటుండగానే చెప్పేశాడు.

"అవ్వా, ఈ పూలతో నీకు చూపు రాదు. ఇది నీకు మందు కాదు. ఊరికే ఇంత దూరం నడవొద్దు."

"తెలుసు నాయనా. అయ్య మొదటిరోజే చెప్పినాడు."

మరెందుకు వస్తున్నావని పశుపతి అడిగాడు.

ఆమె గొంతు తగ్గించింది. "నాకు పద్నాలుగేండ్లప్పుడే మొగుడు పోయినాడు. ఆ పొద్దే తలలో పూలు పీకేసినారు. మళ్ళా పువ్వు ముట్టనీలేదు. మందంటే ఎవరూ కాదనలేదు." ఆగి, అంది. "ఆ నలుగురిలో మా మరిది ఉన్నాడు, ఇందాక గొంతు విన్నా. ఇంక రానీడు."

మరిది అప్పటికే లేచి నిలబడ్డాడు.

సదానందయ్య లోపలి నుంచి వచ్చాడు. మరిది వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు.

"మా వాడు చెప్పింది నిజమే. కళ్ళకు పనిచేయలేదు. మందు మారుస్తున్నాను."

ఒక పువ్వు తీసి ఓబులమ్మ నెరిసిన ముడిలో తురిమాడు.

మరిది నోరు తెరిచాడు గానీ, వైద్యుడికి ఎదురు చెప్పలేకపోయాడు.

గురువు బుట్టను పశుపతి ముందుకు జరిపాడు.

"రోజూ ఇక్కడే పెట్టు."

పశుపతి రెండో పువ్వు తీసుకున్నాడు. మొదటిదాని పక్కనే ముడిలో తురిమాడు.