గౌరునాయుడి మనసుకి ఇన్సూరెన్సు

సాలూరులో లారీలకి బాడీలు కట్టే షెడ్ల వెనక ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో నలుగురు మనుషులు. నలుగురూ తెలివైనవాళ్ళే, కావాలంటే వాళ్ళనే అడగండి. "చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకోవడంలో మనల్ని మించినోళ్ళు ఈ ఊళ్ళో లేరు" అని ముసలమ్మ అప్పయ్యమ్మ అంటే, కొడుకు గౌరునాయుడు, కోడలు పైడితల్లి, కోడలి తమ్ముడు సింహాద్రి ముగ్గురూ బుర్రలూపేవారు. సింహాద్రి ఇంటర్ దాకా వెళ్ళి తప్పాడు కాబట్టి ఇంట్లో ఇంగ్లీషు పెత్తనమంతా వాడిదే.

గౌరునాయుడు లారీల మీద పేర్లు రాసే పెయింటరు. చెయ్యి బంగారం. ఒకసారి ఒక లారీ ఓనరు "ముందు అద్దం మీద మా నాన్న పేరు రాయవయ్యా" అని చెప్పి టీకి వెళ్ళాడు. అంతే. గౌరునాయుడు ఎర్రరంగు వేసి, పసుపు నీడ కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో "మా నాన్న పేరు" అని రాసిచ్చాడు. ఆ లారీ ఇప్పటికీ అలాగే తిరుగుతోంది.

అలాంటి గౌరునాయుడికి ఆ వానాకాలం ఏదో అయింది. కుంచె పట్టుకుంటే చెయ్యి వణుకు. ఊరికే గుండె దడ. నిద్ర రాదు, ముద్ద దిగదు. వీధి చివరి డాక్టరు గొట్టం పెట్టి చూసి, "గుండె బానే ఉంది నాయుడూ. ఇది మనసుది. విజయనగరం వెళ్ళి మానసిక డాక్టరుకి చూపించుకో. మీకు ఇన్సూరెన్సు ఉందిగా, వాడుకో" అన్నాడు.

నిజమే, ఉంది. కిందటేడు ఏజెంటు వచ్చి, "ఇది ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ, దీని మీద ఎక్స్‌ట్రా ఇంకోటుంది" అంటే, ఎక్స్‌ట్రా అన్నది వదులుకోకూడదని అప్పయ్యమ్మ రెండూ కట్టించేసింది.

"ఫ్లోటర్ అంటే ఏటిరా?" అనడిగింది పైడితల్లి.

"తేలేది" అన్నాడు సింహాద్రి.

"అయితే ఇక్కడే చూసుకుని పట్టుకెళ్దాం. తీరా అక్కడికెళ్ళాక మునిగిపోతే?"

ఇంకేముంది! గంగాళం నిండా నీళ్ళు పోసి పాలసీ కాగితం దాని మీద పరిచారు. తేలింది. నలుగురూ చప్పట్లు కొట్టారు. "ఆగండాగండి, ఫ్యామిలీ ఎక్కాక తేలితేనే లెక్క" అని అప్పయ్యమ్మ గోడకున్న ఇంటిల్లిపాది ఫోటో, ఫ్రేముతో సహా తెచ్చి కాగితం మీద పెట్టింది. బుడుంగుమని రెండూ అడుక్కి పోయాయి.

గౌరునాయుడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశారా, నా మూలంగా అందరూ మునిగారు" అన్నాడు. పైడితల్లి కాగితాన్ని బయటికి తీసి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, "ఇప్పుడు పొడిగానే ఉన్నాం మావా, ఊరుకో" అంది.

సింహాద్రి ఇన్సూరెన్సువాళ్ళకి ఫోను చేశాడు. "మా నెట్‌వర్క్ హాస్పిటల్‌కి వెళ్ళండి సార్, అక్కడ క్యాష్‌లెస్" అందొక అమ్మాయి.

"క్యాష్‌లెస్ అంటే దగ్గర క్యాష్ ఉండకూడదు. ఉంటే గుమ్మం దగ్గరే ఆపేస్తారు కాబోలు" అన్నాడు సింహాద్రి. అంతే. జేబులు దులిపారు, అప్పయ్యమ్మ చేత కొంగుముడి విప్పించారు, ఉన్నదంతా బియ్యం డబ్బాలో దాచి సర్వీసు జీపెక్కారు. జీపువాడు చార్జీలడిగితే సింహాద్రి కాలు మీద కాలేసుకుని, "మాది క్యాష్‌లెస్" అన్నాడు. రామభద్రపురం చేరకుండానే నలుగురూ రోడ్డు మీదున్నారు.

నడిచారు. నడవగా నడవగా వంకాయల లోడు లారీ ఒకటి పక్కన ఆగింది. అద్దం మీద ముత్యాల్లాంటి అక్షరాలు: మా నాన్న పేరు.

"ఏటి నాయుడూ, ఇలా నడుస్తున్నావు? ఎక్కండెక్కండి" అన్నాడు డ్రైవరు. "నీ పుణ్యమా అని ఈ బండిని గుర్తుపట్టని చెక్‌పోస్టు లేదు."

గౌరునాయుడు బండెక్కేముందు ఆ అక్షరాల కేసి చూశాడు. ఆ ఒంపులు తిప్పిన చెయ్యి తనదేనా అనిపించింది. ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి విజయనగరం దాకా వణుకుతూనే ఉంది.

ఊళ్ళో దిగాక నెట్‌వర్క్ హాస్పిటల్ వెతకాలి కదా. మొదటి ఆసుపత్రి ముందు సింహాద్రి ఫోను పైకెత్తి, "సిగ్నలు ఒక్క గీతే" అన్నాడు. రెండోదాని ముందు అదీ లేదు. ఇంకోదాని మెట్లెక్కేసరికి గీతలన్నీ వెలిగాయి. "ఇదే!" అని అరిచాడు. వాళ్ళ అదృష్టం బాగుండి అది నిజంగానే అదే.

కౌంటర్లో కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి, "ఓపీనా అండీ?" అనడిగింది.

"ఓపికెక్కడిదమ్మా, పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు తాగలేదు" అంది అప్పయ్యమ్మ.

"అది కాదు మామ్మగారూ. మీ పాలసీలో మందులకి కవర్ ఉందా?"

పైడితల్లి సంచిలోంచి బట్టలకొట్టు కవరు తీసి విదిలించి చూపించింది. "ఉంది. చిరుగు కూడా లేదు."

ఆ అమ్మాయి నుదురు రుద్దుకుంది. "ఇలాంటివాటిలో మామూలుగా అడ్మిట్ అయితేనే డబ్బులొస్తాయి. మీది ఎలాంటిదో చూస్తాను, ఉండండి" అని కంప్యూటర్ వైపు తిరిగింది.

అడ్మిట్! సింహాద్రి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "బావా, అడ్మిట్ అంటే ఒప్పుకోవడం. ఒప్పుకుంటేనే డబ్బులొస్తాయట. ఏదుంటే అది ఒప్పేసుకో!"

"ఇంతమంది ముందా?"

"కౌంటరు ఇక్కడే ఉంది కదా మరి!"

గౌరునాయుడు చుట్టూ చూశాడు. కౌంటర్ చెక్క రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఒప్పుకుంటున్నానమ్మా. ఛాసిస్‌కి రంగేస్తానని చెప్పి లారీ కిందికి దూరతాను. రంగెయ్యను. అక్కడ పడుకుని ఏడుస్తాను. ఎందుకో నాకే తెలీదు. ఇంటికొచ్చి, నిద్రపోయాననుకుంటారని కళ్ళు మూసుకుని పడుకుంటాను. మా ఇంట్లో అందరికన్నా తెలివైనవాణ్ణి నేనే. నేనే ఇలాగైతే వీళ్ళ గతేటని భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు. అదీ తెలివే అనుకున్నాను."

పైడితల్లి నెమ్మదిగా అడిగింది. "నేను అన్నం తెచ్చి పిలిచినప్పుడు కూడా లారీ కిందే ఉన్నావా?"

"ఉన్నాను. నీ కాళ్ళు కనబడుతూ ఉండేవి."

పైడితల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అప్పయ్యమ్మ కళ్ళొత్తుకుంటూ, "ఇంకేమైనా ఉంటే అదీ ఒప్పుకోరా నాయినా, ఇంకొంచెం వస్తాయి" అంది. సింహాద్రికి కూడా ఆవేశం ఆగలేదు. "నేనూ ఒప్పుకుంటున్నాను. నేను ఇంటర్ తప్పింది ఇంగ్లీషులోనే!" అని గట్టిగా అరిచాడు.

కౌంటరమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అడ్మిట్ అంటే ఆసుపత్రిలో చేరడం బాబూ. ఈయనకి ఆ అవసరం ఉందో లేదో డాక్టరుగారు చెబుతారు. మీరు పైన ఎక్స్‌ట్రా కట్టారు చూడండి, అందులో డాక్టరు ఫీజు, మందులు, కౌన్సెలింగు అన్నీ వస్తాయి. క్లెయిమ్ పెట్టుకుంటే చాలు."

"ఎక్కడ పెట్టుకోవాలమ్మా?" అని అప్పయ్యమ్మ ముక్కూ చెవులూ తడుముకుంది.

డాక్టరు గౌరునాయుణ్ణి తీరిగ్గా మాట్లాడించాడు. ఇది చాలామందికి వచ్చేదే, తగ్గుతుంది అన్నాడు. "రోజుకొక మాత్ర. మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానెయ్యకండి." ఆ మాట పైడితల్లికి మహా నచ్చింది. మర్నాడు మొగుడి చేత ఒక మాత్ర మింగించి, మిగతా అట్టని తీసుకెళ్ళి షెడ్లో రంగుడబ్బా పక్కన, కుంచెకి ఆనించి పెట్టింది. సాయంత్రం వెళ్ళి చూసింది. ఒక్క అక్షరం రాయలేదు. "కొత్తది కదా, పని నేర్చుకోవడానికి వారాలు పట్టదేటి" అని ఇంటికి తెచ్చేసింది.

కౌన్సెలింగు చేసే ఆవిడ పేరు ఊర్మిళ. మొదటిరోజు కుర్చీ చూపించి, "మనసు విప్పి మాట్లాడండి నాయుడుగారూ" అంది. గౌరునాయుడు సిగ్గుపడుతూనే చొక్కా గుండీలన్నీ విప్పాడు. "బనీను కూడానా మేడమ్?" అనడిగాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఆవిణ్ణి చూసి గౌరునాయుడికీ నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో, దవడలు నొప్పెట్టాయి. ఆ తర్వాత బనీను మీదే కూర్చుని బోలెడు మాట్లాడాడు.

ఇంకోసారి "ఇక్కడికొచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం బరువు దించుకుని వెళ్ళండి" అంది. అది విన్నారు ఇంట్లోవాళ్ళు. అంతే. వెళ్ళేముందోసారి, వచ్చాకోసారి పాత ఇనుము కొట్టు కాటా ఎక్కించడం మొదలెట్టారు. బరువు దిగకపోగా వారం వారం పెరిగింది! ముగ్గురూ గుండెలు బాదుకుంటూ గౌరునాయుణ్ణి లాక్కుని ఊర్మిళ దగ్గరికి పరిగెత్తారు. "దించమంటే పెంచుతున్నారేటి మేడమ్?"

"అంటే అన్నం తింటున్నారన్నమాట" అంది ఆవిడ. "చేతి వణుకెలా ఉంది?"

గౌరునాయుడు చెయ్యి చాపి చూసుకున్నాడు. బాగా తగ్గింది. ఇంకా కొంచెం ఉంది. నిన్న ఒక బండికి నంబరు మొత్తం రాశాడు, ఒక్క సున్నా మాత్రమే కోడిగుడ్డులా వచ్చింది.

ఊర్మిళ సంతోషించి నలుగుర్నీ కూర్చోబెట్టింది. "మందులు ఆపే సంగతి డాక్టరుగారు చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు. ఇక మీరంతా ఎప్పుడూ ఆయన వెనకే ఉండండి. నాయుడుగారూ, రేపు వాళ్ళకి కష్టమొస్తే మీరూ వాళ్ళ వెనక ఉండాలి."

ఇంకేముంది! ఆసుపత్రి మెట్లు దిగగానే ముగ్గురూ గౌరునాయుడి వెనక వరసగా నిలబడ్డారు. మూడు లాంతర్ల జంక్షన్ దాకా బాగానే నడిచారు. అక్కడ అప్పయ్యమ్మ కాలికి రాయి తగిలి "అమ్మో" అంది. తల్లికి కష్టమొచ్చింది! గౌరునాయుడు చటుక్కున వెళ్ళి తల్లి వెనక నిలబడ్డాడు. అతని వెనకుండాలని పైడితల్లి పరిగెత్తింది, ఆవిడ వెనక సింహాద్రి, వాడి వెనక కాలీడ్చుకుంటూ అప్పయ్యమ్మ. ఆవిడ వెనకుండాలని మళ్ళీ గౌరునాయుడు. నడిరోడ్డు మీద నలుగురూ గుండ్రంగా తిరగడం మొదలెట్టారు. ఆటోలు ఆగిపోయాయి. హారన్లు మోగాయి.

కానిస్టేబులు ఈలేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఏటయ్యా ఈ గానుగ? మీలో ముందెవరు?"

"ముందెవరూ లేరు బాబూ, అందరం వెనకే ఉన్నాం" అన్నాడు గౌరునాయుడు, తిరుగుతూనే.

"ఇలాగైతే ఇంటికెప్పుడు చేరతారు?"

గౌరునాయుడు ఒక చుట్టు తిరిగొచ్చేదాకా ఆలోచించాడు. తర్వాత పకపకా నవ్వి, "మేడమ్ ఇంటికెళ్ళమని చెప్పలేదు కదండీ" అని, తల్లి వెనక్కి వెళ్ళిపోయాడు.