తీతమ్మ దగ్గర వంగిన పట్టాలు

మృగరాజు పట్టాభిషేకానికి రైల్లో వస్తున్నాడు. స్టేషనేమో కొండ కింద. దర్బారు వేదిక అక్కడికి అరకోసు దూరం, ఏటి ఒడ్డున గులకరాళ్ళ మైదానం అవతల. వేదిక ఎక్కేదాకా రాజుగారి పాదానికి మట్టి అంటకూడదట. అందుకని ఆ ఒక్క పూట కోసం మైదానం మీదుగా పట్టాలు వెయ్యాలి, ఆయన వెళ్ళాక పీకెయ్యాలి. ఆ పని జంబయ్య అనే నక్క మేస్త్రీకి దక్కింది. కూలీలు దున్నపోతులు.

ఆ గులకరాళ్ళ మధ్యే తీతువు పిట్ట తీతమ్మ నాలుగు గుడ్లు పొదుగుతోంది. పోయినేడు వరదొచ్చి నాలుగూ కొట్టుకుపోయాయి. అప్పట్నించీ ఆమెకి మాట తగ్గింది.

జంబయ్య దారికి కొలతగా తాడు లాక్కుంటూ వచ్చాడు. తాడు సరిగ్గా గూటి మీదుగా పోయింది.

"అన్నా, బారెడు పక్కకి జరుపు," అంది తీతమ్మ.

"రాజుగారి దారి వంకర పోతుందా? అయినా ఎంతమ్మా, ఒక్కరోజు ముచ్చట. తర్వాత పీకేస్తాంగా."

"పట్టాలు పీకుతావు. గుడ్లు మళ్ళీ పెడతావా?"

దున్నలు కిసుక్కుమన్నాయి. జంబయ్యకి ఒళ్ళు మండింది. "నీ గొంతు వింటే చావు కబురని లోకం ఊరికే అంటుందా? నోరు మూసుకుని లే."

తీతమ్మ లేవలేదు. ఆ మాట ఆమెకి కొత్త కాదు. ఈసారి మాత్రం దాన్ని మనసులో రెండుసార్లు తిప్పి చూసుకుంది.

మర్నాడు జంబయ్య కొబ్బరికాయ కొట్టి సుత్తి ఎత్తాడు. తీతమ్మ నోరు తెరిచింది. కూత మైదానమంతా మోగింది.

దున్నలు మోస్తున్న పట్టా దించేశాయి. "అపశకునం మేస్త్రీ," అన్నాడు వాటిల్లో పెద్దవాడు మల్లప్ప. "కాళ్ళు కడుక్కుని, గుక్కెడు నీళ్ళు తాగి కూర్చోవాలి. తాతలనాటి పద్ధతి."

"ఎంతసేపు?"

"నీడ జానెడు జరిగేదాకా."

కూర్చున్నాయి. నెమరు వేశాయి. లేచాయి. సుత్తి లేచింది, కూతా లేచింది. మళ్ళీ ఏటికి నడిచాయి. మధ్యాహ్నానికి ఒక్క పట్టా పడలేదు గానీ దున్నల గిట్టలు మాత్రం అద్దాల్లా మెరుస్తున్నాయి.

జంబయ్య ఇక ఆగలేక ఆమె మీదికి దూకాడు. తీతమ్మ రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పరిగెత్తింది. చిక్కింది, ఇదిగో చిక్కింది అనుకుంటూ వాడు వెంటపడ్డాడు. ఏరు దాటించి, ఆమె చక్కగా ఎగిరొచ్చి గుడ్ల మీద కూర్చుంది. వాడు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. రాజు రావడానికి ఇక ఒక్కరోజే.

"అమ్మా తీతమ్మా," అన్నాడు తడిసిన తోక పిండుకుంటూ. "రేపు కుయ్యకుండా ఉండాలంటే ఏమివ్వమంటావు?"

"బారెడు."

తాడు వంగింది. మర్నాడు పట్టాలూ వంగాయి.

రాజుగారి బండి వచ్చింది. వంపు దగ్గర ఒరిగి కిరీటం చెవి మీదికి జారింది. "ఆపండి. జంబయ్యా, నా దారి ఇక్కడెందుకు వంకరపోయింది?"

జంబయ్య చేతులు జోడించాడు. "శుభశకునం ప్రభూ. ఈ పిట్ట కూస్తే రాజ్యానికి మేలని, గూడు కదపలేదు."

"అయితే కుయ్యమను."

జంబయ్య చెవులు మూసుకున్నాడు. దున్నలు ఏటివైపు చూశాయి. అప్పుడే తీతమ్మ పొట్ట కింద గుడ్డు పెంకు చిట్లింది. మెత్తగా ఏదో కదిలింది. ఆమె తలెత్తి, వరద వచ్చిన నాటి నుంచీ గొంతులో నొక్కిపెట్టుకున్నదంతా వదిలి కూసింది.

"బాగుంది," అన్నాడు రాజు. "ఇకమీదట నా రాజ్యంలో ఏ పనైనా ఈ కూత విన్నాకే మొదలుపెట్టాలి."

మర్నాడు పట్టాలు పీకడానికొచ్చిన జంబయ్య గూటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, ఒక్క కూత."

తీతమ్మ రెక్కల కిందికి చూసుకుంది. నాలుగు ముక్కులు.

"కూర్చో అన్నా," అంది. "పిల్లలు పడుకున్నారు."

నిన్ను దేనికి తిడతారో మరిచిపోకు. తిట్టేవాళ్ళకి భయం అదంటేనే.