మొదట నోరు విప్పేదెవరు?

"నిన్న అందరి తెరల మీదా ఎర్రటి హెచ్చరిక కనిపిస్తూనే ఉంది గురువుగారూ. ఒక్కరూ నోరు విప్పలేదు. వీళ్ళకి ఏం శిక్ష వెయ్యాలో చెప్పండి" అని యామిని అడిగింది.

అంబులెన్సులను పిలిచిన చోటికి పంపే సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండే బృందం అది. యామిని దానికి పెద్ద. ఆమెకు పని నేర్పిన విరూపాక్షం గారిని ఆఫీసంతా గురువుగారనే పిలిచేది. ముందురోజు ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. జనం ఫోన్లు చేస్తూనే ఉన్నారు, ఒక్క డ్రైవరుకూ కబురు అందలేదు. నొప్పులు పడుతున్న ఒకామె రోడ్డు పక్కన బండి కోసం చూసి చూసి, చివరికి ఆటో ఎక్కింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఇంత ఘోరం జరిగాక కూడా యామిని అడిగింది శిక్ష గురించే. ఆ బృందంలో ఒక ఆనవాయితీ ఉంది, పెట్టింది ఆవిడే. ఏదైనా చెడిందని మొదట ఎవరు చెబితే వాళ్ళే సోమవారం మీటింగులో నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవాలి. కిందటి నెల ఆ బృందంలోని ఖాదర్ చెప్పాడు. తప్పు అతనిది కాదు, అయినా అందరి ముందూ దులిపేశారు. కబురు తెచ్చినవాణ్ణే దొంగను చేసి, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నారు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

గురువుగారు తన లాప్‌టాప్ తెరిచారు. ఆమెతో కూడా అనకుండా, ఉత్తుత్తి హెచ్చరిక ఒకటి అందరి తెరల మీదికీ పంపారు. గది అద్దాల్లోంచి బయట కూర్చున్నవాళ్ళు కనిపిస్తున్నారు. ఒకడు టీకి లేచాడు. ఇంకొకామె మోగని ఫోను చెవిన పెట్టుకుని వరండాలోకి నడిచింది. ఖాదర్ తెర వైపు చూశాడు, యామిని ఉన్న గది వైపు చూశాడు, నెమ్మదిగా లాప్‌టాప్ మూసేశాడు.

"చూశారా, ఎలా జారుకుంటున్నారో!" అని యామిని పళ్ళు కొరికింది.

గురువుగారు బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచారు. ఆయన అంత కోపంగా ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"నీ ఒళ్ళో ఉన్న తెర మీదా అదే వెలుగుతోంది. నువ్వెందుకు చెప్పలేదు?"

యామిని కిందికి చూసి తడబడింది. "ముందు ఎవరు చెబుతారో చూద్దామని..."

"వాళ్ళూ అదే చూస్తున్నారు."

ఆయన హెచ్చరికను ఆపేసి లేచారు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నారు:

"నిన్న రోడ్డు మీద ఆ తల్లి కూడా చూసిందమ్మా."