వెన్నంటి నడిచిన ఈడిత్

ఏమిటే ఆ మూతి? పరుగుపందెంలో రెండో కప్పు వస్తే మంచం కింద పారేస్తారటే? రెండోదంటే అంత చులకనా? ఇలా రా, నా పక్కన పడుకో. ఊఁ కొడుతూ విను.

అనగనగా సముద్రానికి అవతల, ఇంగ్లీషువాళ్ళ దేశంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఈడిత్ అనే పిల్ల. ఊరి చుట్టూ ఊబి. ఉప్పు మూటలు మోసేవాళ్ళు నడుములకి ఒకే తాడు కట్టుకుని, ఒకరి వెనక ఒకరు ఆ ఊబి దాటేవాళ్ళు. ముందు ఓస్విన్ అనే అతను దారి చూసేవాడు. వెనకే ఈడిత్ తాడు చూసేది. తాడు సడలకూడదు, మరీ బిగవకూడదు. ఆ కష్టం చేసినవాళ్ళకే తెలుసు.

ఆ రోజుల్లో ముందువాడికి ‘ఫస్ట్’ అని పేరుంది. మూడోవాడికీ పేరుంది. మరి రెండోవాళ్ళకి? ‘అదర్’! అంటే ‘ఆ ఇంకొకళ్ళు’. అంతే! వాళ్ళ నోళ్ళు పడ!

రొట్టెలు పంచేటప్పుడు ఊరిపెద్ద, "ఆ ఇంకోదానికీ ఏదో ఒకటి పడెయ్" అనేవాడు. ఈడిత్‌కి ఒళ్ళు మండిపోయేది. ఆ తర్వాత పండగ విందులోనూ అదే పిలుపు. "నేనేం గడ్డిపరకనా? నా చోటికో పేరుండదా?" అంది. అందరూ కిసుక్కున నవ్వారు. పాపం, ఈడిత్ ఆ పూట రొట్టె ముట్టలేదు.

ఇలా ఉండగా ఒకనాడు ఊబి మీద మంచు కమ్మింది. ఓస్విన్ అడుగు తప్పి నడుం దాకా దిగబడ్డాడు. మూడోవాడు మూట పారేసి, తాడు విప్పుకుని, పరుగో పరుగు! ఈడిత్ మాత్రం మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలింది. అరచేతులు చీరుకుపోయాయి. వదిలిందా? వదల్లేదు. లాగి లాగి గట్టున పడేసింది.

ఊరంతా మూగింది. "ఎవరు లాగారు?" అని ఎవరో అడిగారు.

"ఆ ఇంకొకత్తె" అన్నాడు ఊరిపెద్ద.

అప్పుడు చూడాలి ఈడిత్ కోపం! తాడు విప్పి ఆయన కాళ్ళ దగ్గర విసిరికొట్టింది. "పేరులేని చోట రేపటినించి నువ్వు నడువు!" అంది. అందరూ ఒక్కో అడుగు వెనక్కి జరిగారు. ఆ చోట నిలబడే మొనగాడు ఒక్కడూ లేడు మరి.

ఓడ మీద ఉప్పు కొనడానికొచ్చిన ఒక ఫ్రెంచి ముసలమ్మ అక్కడే ఉంది. "సిగ్గులేదటయ్యా మీకు? మా భాషలో ఈ చోటికి పేరుంది. ‘సెకండ్’ అంటాం. పాత లాటిన్ మాట. వెన్నంటి నడిచేవాళ్ళు అని అర్థం" అంది.

ఓస్విన్ బురదతోనే లేచి, తాడు తీసి ఈడిత్ చేతిలో పెట్టాడు. "ఈ సెకండ్ లేకపోతే ఫస్ట్ ఊబి పాలే" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊళ్ళో మొదటి రొట్టె సెకండ్‌కే!

ఈడిత్‌ని నేను కల్పించాననుకో. కానీ ఇంగ్లీషువాళ్ళు ఆ మాట అరువు తెచ్చుకున్నది మాత్రం నిజం. ఇప్పుడు లే. ఆ కప్పు తీసి, దుమ్ము తుడిచి, నా చేతికియ్యి. రేపు ఎవరైనా "రెండోదేగా" అంటే నా దగ్గరికి పంపు, చెప్తా!

ముందువాడు చూసేది దారి,
వెన్నంటినవాళ్ళే వాడికి ఊపిరి.
కప్పు గూటికి, కథ కంచికి,
మనం నిద్రకి!