ఎనిమిది రోజుల అంటు

డాక్టర్ ఫణిభూషణ్ పొద్దుట్నుంచి ఒకే సంగతి పదకొండుసార్లు చెప్పాడు. గోడకి చెప్పినా ఈపాటికి పట్టా పుచ్చుకుని బయటికి నడిచేది. దీనమ్మ మాత్రం మంచం అంచున కూర్చుని చీరలు సంచిలో కుక్కుకుంటోంది.

"ఇంటికి పోతా. అంతే."

గుంటూరు మిరప యార్డులో ముప్పై ఏళ్లు తొడిమలు తీసిన మనిషి. ఆ ఘాటుకి గేటు బయట లారీలు కూడా తుమ్మేవి గానీ, ఆవిడ కంట ఏనాడూ చుక్క నీరు రాలేదు. నెల కిందట గొంతుకి ఆపరేషన్ చేసి, క్యాన్సర్ గడ్డతో పాటు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. ఒంట్లో ఎక్కడైనా నక్కి మిగిలిపోయిన కణాల్ని వెతికి చంపడానికి ఇప్పుడు రేడియోధార్మిక అయోడిన్ మాత్ర మింగాలి.

మాత్ర ఆ ఉదయమే వచ్చింది. చిటికెన వేలి గోరంత మాత్ర. దాన్ని మోసుకొచ్చిన సీసపు డబ్బా మాత్రం ఏనుగుని అడిగినా నడుం పట్టేసిందనేది. ఇవాళ మింగకపోతే ఆ మందు ఆగదు, తరిగిపోతూనే ఉంటుంది. లోపలి కణాలూ ఆగవు, పెరుగుతూనే ఉంటాయి.

ఫణిభూషణ్ పన్నెండోసారి మొదలెట్టాడు. "అమ్మా, మాత్ర మింగాక కొన్నాళ్లు మీ ఒంట్లోంచి కిరణాలు వస్తాయి. అందుకే విడిగా ఉండమంటున్నాం. ఎప్పటికీ కాదు. ఎనిమిది రోజులకి ఆ మందు సగమైపోతుంది. ఇంకో ఎనిమిది రోజులకి ఆ సగంలో సగం..."

"అంటు సగమవడం మా అమ్మ చూళ్లేదు. మా అమ్మమ్మా చూళ్లేదు. నీ ఎనిమిది రోజులు ఎవరికి చెబుతావు బాబూ?"

ఫణిభూషణ్ నెత్తి కొట్టుకోబోయి, నర్సు చూస్తోందని జుట్టు సవరించుకున్నాడు.

ఆసుపత్రిలో ఈ కిరణాల వైద్యం చేసే విభాగానికి పెద్ద మొహిద్దీన్ గారు. రోగి మెట్లెక్కే చప్పుడు విని స్కానులో ఏం కనబడుతుందో చెప్పేసేవారు. ఒకసారి మొరాయించిన స్కాను యంత్రం, ఆయన గుమ్మంలో నిలబడి దగ్గితే చాలు, భయపడి దానంతటదే పని మొదలెట్టింది. అంతటి మనిషికీ శిష్యుడి దగ్గరికి వచ్చేసరికి ఫణిభూషణే దొరికాడు.

"నా వల్ల కాదు సార్! తెలుగులో రాసిపెట్టినా అర్థం చేసుకోదు."

"ఏం రాశావు?"

ఆ మాట కోసమే చూస్తున్నాడు శిష్యుడు. మూడు వారాలు నిఘంటువులు తిరగేసి, ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకుండా రాసిన కాగితం. ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించి దీనమ్మ గది తలుపుకి అంటించాడు. గురువుగారిని అక్కడిదాకా తీసుకెళ్లి చూపించాడు.

'ఈమెను ఎవరూ అంటరాదు. ఈమె వాడిన చెంబు, కంచము ఇతరులు ముట్టరాదు. ఈమె వేరుగా కూర్చొనవలెను.'

మొహిద్దీన్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివారు.

"ఆవిడకిది ఎవరు చదివి వినిపించారు?"

"నేనే సార్. వరండా అంతా వినబడేట్టు."

లోపల్నుంచి దీనమ్మ అంది. "మా ఊరి టీ కొట్టోడు గ్లాసు వేరే పెట్టేవోడు గానీ, తలుపు మీద రాయలేదు సారూ. ఆడికి చదువు లేదుగా."

గురువుగారు ఆ కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నారు. కిరణాలు కొలిచే చిన్న పెట్టె ఒకటి తెప్పించి, ప్లాస్టిక్ సంచి తొడిగి, మంచం పక్క గోడకి తగిలించారు. దానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో నేల మీద సుద్దతో గీత గీశారు.

"దీనమ్మా, నువ్వీ మందు ఒకసారి మింగి వెళ్లిపోతావు. మేం ఏడాది పొడుగునా ఈ కిరణాల మధ్యే తిరగాలి. మా ఒంటికి చేటు. రోజూ పొద్దున గీత మీద నిలబడి ఈ మీట నొక్కు. కూసిందనుకో, మమ్మల్ని దగ్గరికి రానివ్వకు."

"నేనా? మిమ్మల్నా?"

"ఈ అబ్బాయిని మరీను. ఆత్రగాడు."

దీనమ్మ ఫణిభూషణ్‌ని ఎగాదిగా చూసింది. "ఇంటాడా?"

"వినకపోతే కేకెయ్యి."

ఆవిడ సంచి మంచం కిందకి తోసి, చెయ్యి చాపింది. "ఏదీ, ఆ మాత్ర."

మర్నాడు పొద్దున్నే ఫణిభూషణ్ ఫైలు పట్టుకుని అలవాటు కొద్దీ తలుపు తోసుకుని లోపలికి అడుగేశాడు.

"ఆగక్కడ!"

ఆ కేకకి మూడంతస్తుల కింద క్యాంటీన్లో పెనం మీద అట్టు దానంతటదే తిరగబడింది. ఫణిభూషణ్ ఎత్తిన కాలు దించలేదు.

"అమ్మా, రక్తం రిపోర్టు..."

"పెట్టె కూసింది. ఎనక్కి! ఆ వరండా గోడ దాకా!"

వెళ్లాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెరిచిన తలుపులోంచి చూస్తే ఆవిడ తీరిగ్గా ఉప్మా తింటోంది. చేతిలో ఫైలుంది. చెప్పాల్సిన మాటుంది. వార్డు బాయ్‌లు అతన్ని చూస్తూ పోతున్నారు. రమ్మంటుందేమోనని చూశాడు. అనలేదు. ఎక్కడ చూడాలో తెలియక నేల వంక చూశాడు.

అటుగా వచ్చిన మొహిద్దీన్ గారు అతన్ని చూసి, ఆగకుండా వెళ్లిపోయారు.

రెండో రోజూ పెట్టె కూసింది. రెండో రోజూ గోడే.

మూడో రోజు కూయలేదు. దీనమ్మ మీట రెండుసార్లు నొక్కి చూసి, చెయ్యూపింది.

"ఇప్పుడు రా బాబూ. ఇంటికాడ మనవళ్లకి ఇంకెన్నాళ్లు ఎడంగా ఉండాలో చెప్పు. ఆళ్లని నేను ఆపుకుంటా."

ఫణిభూషణ్ అన్నీ చెప్పాడు. చెప్పాక జేబులోంచి కలం తీశాడు.

"అమ్మా, తర్వాత ఈ గదిలో ఉండేవాళ్ల కోసం తలుపు మీద ఏం రాయమంటారు?"

సాయంత్రం మొహిద్దీన్ గారు ఆ తలుపు ముందు ఆగారు. చేత్తో రాసిన కాగితం ఉంది.

'నేను పిలుస్తా. అందాకా ఆగండి.'

"ఎవరి తెలుగు ఇది?"

"దీనమ్మ గారిది సార్."

గురువుగారు జేబులోంచి ఆ నాలుగు మడతల కాగితం తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

"దీన్ని సీసపు డబ్బాలో పెట్టు. ఇది ఎనిమిది రోజుల్లో సగమయ్యేది కాదు."